రెండు చుట్లు

"రే టార్బెట్‌ని నేనే చంపాను. రాసుకో," అన్నాడు లెస్ డ్రాబిక్.

టేపు రికార్డరు తిరగడం మొదలై నిమిషం కూడా కాలేదు. గోడ గడియారంలో పది నలభై. డిటెక్టివ్ వెర్నా కోవాలిక్ చేతిలోని కలం కాగితం మీద ఆనింది గాని కదల్లేదు.

మార్లీ కౌంటీలో ఆమె ఇరవై రెండేళ్లుగా ఈ బల్ల ఇవతల కూర్చుంటోంది. తప్పు చేసినవాళ్లు ముందు కాఫీ అడుగుతారు, మంచు ఇంకా కరగలేదంటారు, లాయరు పేరు ఎత్తుతారు. కుర్చీ వెచ్చబడకముందే నేరాన్ని నెత్తికెత్తుకున్న మనిషిని ఆమె చూడటం ఇదే మొదటిసారి.

"ఏం చేశారో వివరంగా చెప్పండి, మిస్టర్ డ్రాబిక్."

"మీరేంటి, మిస్టరేంటి? నీ మొదటి కారుకి ఆయిలు మార్చింది నేనేగా!"

"టేపు తిరుగుతోంది, లెస్."

"తిరగనీ. టేపు కోసం నేనేం వేరే మనిషినైపోతానా?"

శుక్రవారం సాయంత్రం అయిదూ ఇరవై రెండుకి రే టార్బెట్ ఎర్ర కెస్ట్రెల్ కారు బ్రేకులు లేకుండా టేబర్ కొండ దిగింది. అరవై ఏడు మోడల్, బానెట్టు కింద గుర్రాల మందంత బలమున్న ఇంజను. కొండ దిగువన సెయింట్ సిరిల్ చర్చి ముందు, ఈస్టరు ముందు ఉపవాసాల శుక్రవారం కదా, మాంసం బదులు అక్కడ అమ్మే వేయించిన చేపల కోసం జనం కాలిబాట మీద వరసకట్టి ఉన్నారు. లెక్కపెడితే ముప్పై నలుగురు. రే స్టీరింగు అవతలివైపు తిప్పేశాడు. కారు శ్మశానం రాతిగోడను గుద్దుకుంది. వరసలో ఒక్కరికీ గీత పడలేదు. ఉక్కు మిల్లులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన రే, అరవై ఒకటో ఏట, అంబులెన్సులోనే పోయాడు.

అంతకు మూడు రోజుల ముందే, మంగళవారం, ఊరి మెకానిక్, రేకి పాత స్నేహితుడు అయిన లెస్ ఆ కారుకి పని ముగించి తాళాలిచ్చాడు. ముందు చక్రాల పాతకాలపు డ్రమ్ బ్రేకులు ఊడదీసి, తుక్కు యార్డులో దొరికిన డెబ్భై నాలుగు మోడల్ కారు డిస్కు బ్రేకులు బిగించాడు. ఊళ్లో అందరికీ ఇంతవరకే తెలుసు.

ఆ బ్రేకులు మార్పించింది ఎవరో మాత్రం వెర్నాకే తెలుసు. జనవరిలో ఒక ఆదివారం, రే పక్క సీట్లో కూర్చుని, కొండ మలుపులో కారు ఆగీ ఆగకుండా జారినప్పుడు, "వీటిని మార్చేదాకా నేనీ కారెక్కను" అని ఆమే అంది. భార్య పోయిన ఏడాదికి రే ఆమెకు దగ్గరయ్యాడు. అతని కూతురు తట్టుకోలేదని ఇద్దరూ ఎవరికీ చెప్పలేదు. శనివారం పొద్దున్నే చీఫ్ దగ్గరికెళ్లి, ఈ కేసు నాకొద్దు, కారణమిదీ అని చెప్పాల్సింది. చెప్పలేదు. రే చావు సంగతి తనకన్నా శ్రద్ధగా ఇంకెవరు చూస్తారని తనకు తాను నచ్చజెప్పుకుంది. ఇవాళ మంగళవారం. ఆ మాట లోపల రోజురోజుకీ బరువెక్కుతోంది.

"పనిలో తప్పెక్కడ జరిగింది?" అంది.

"మాస్టర్ సిలిండరు. పెడల్ తొక్కితే బ్రేకు ఆయిలుని చక్రాలకి తోసేది అదే. డిస్కులకి పెద్దది వెయ్యాలి. నేను పాత డ్రమ్ముల సిలిండరే ఉంచేశాను."

"ముప్పై ఎనిమిదేళ్లుగా ఈ పనిలో ఉన్నావు. మర్చిపోయావా?"

"బద్ధకించాను."

"ఇచ్చేముందు నడిపి చూశావా?"

"చూడకుండా ఇస్తానా! ఇద్దరం కలిసి ఇరవై రెండు మైళ్లు తిప్పాం. టేబర్ కొండ రెండుసార్లు దిగాం. దిగి చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూశాను. గోరువెచ్చన, అంతే. అంత చక్కగా—"

నోరు జారిందని అతనికే తెలిసింది. ఠక్కున ఆపేశాడు.

"పాత సిలిండరుతో రెండుసార్లు చక్కగా దిగిన కారు మూడోసారి ఎందుకు దిగలేదు?"

"నాకేం తెలుసు? నువ్వు డిటెక్టివ్‌వి."

"తాళాలిచ్చాక మళ్లీ కారు ముట్టుకున్నావా?"

"లేదు."

"శుక్రవారం మధ్యాహ్నం ఎక్కడున్నావు?"

ఇంత చిన్న ప్రశ్నకి లెస్ ముఖంలో రంగు పోయింది. గ్రీజు ఇంకిపోయిన వేళ్లను ఒళ్లో దాచుకున్నాడు.

"షెడ్డులోనే. గేర్‌బాక్సు దింపుతున్నాను." టేపు రికార్డరు కేసి చూశాడు. "ఇంక ఆపెయ్, వెర్నా. నేనే చంపానన్నాను కదా. ఇంకేం కావాలి నీకు?"

తలుపు తట్టకుండానే తెరుచుకుంది. డేల్ రెన్షా. ఆమె కన్నా ఎనిమిదేళ్లు చిన్నవాడు, అదే హోదా. జూన్‌లో చీఫ్ దిగిపోతే ఆ కుర్చీ ఇద్దరిలో ఒకరిది.

"ఒప్పుకున్నవాణ్ణి ఇంకా ఎందుకు పిండుతున్నావు?" అన్నాడు ఆమెను వరండాలోకి పిలిచి. "నిర్లక్ష్యంతో ప్రాణం తీశాడని కాగితం తయారుగా ఉంది. నాలుగింటికి ప్రాసిక్యూటర్ సంతకం పెడతాడు."

"అతను అబద్ధం చెబుతున్నాడు."

"చెయ్యలేదని అబద్ధం చెబుతారు గాని, చేశానని ఎవరు చెబుతారు?"

"అదే నాకూ అర్థం కాలేదు. నువ్వు కారు చూశావా?"

"శనివారం పొద్దున్నే తొక్కి చూశాను. పెడల్ రాయిలా ఉంది. తుక్కు సామాను, వేడెక్కి చచ్చింది, చల్లారి లేచింది."

"బానెట్టు ఎత్తావా?"

డేల్ జేబులో కారు తాళాలు వెతుక్కున్నాడు.

*

ఒంటిగంటా పదికి ఇద్దరూ ప్రమాదం కార్లు ఉంచే యార్డులో ఉన్నారు. కెస్ట్రెల్ కుడి ముందుభాగం తలుపు దాకా నలిగిపోయింది. డ్రైవరు కూర్చునే ఎడమవైపు చూస్తే మాత్రం నిన్న తుడిచినట్టు మెరుస్తోంది. వెర్నా ఆ వైపునే ఉండి పని మొదలుపెట్టింది. పక్క సీటువైపు చూడలేదు.

బానెట్టుని గడ్డపారతో లేపారు. మాస్టర్ సిలిండరు కొత్తది. రెండు గదులది, డిస్కు బ్రేకుల కోసం చేసింది. దాని మీద దుకాణం చీటీ కూడా ఇంకా ఊడలేదు.

"ఇదీ లెస్ బద్ధకించి మార్చని పాత సిలిండరు," అంది.

డేల్ వంగి చూశాడు. "సరే. తప్పు ఇంకోచోట ఉంటుంది."

పైపులు తెగలేదు. ఎక్కడా ఆయిలు కారలేదు. యార్డు మనిషి ఎడమ ముందు చక్రం విప్పాడు. వెర్నా టార్చి వేసింది. వెండిలా ఉండాల్సిన డిస్కు అంచు నుంచి అంచు దాకా నీలంగా మారింది. ప్యాడ్లు గాజుపెంకుల్లా నున్నగా కాలిపోయాయి. కుడివైపుదీ అంతే.

"కొండ దిగేటప్పుడు గట్టిగా తొక్కి ఉంటాడు," అన్నాడు డేల్.

"కొండ మైలు కన్నా తక్కువ. మంగళవారం అదే కొండకి గోరువెచ్చన. రే ఇంటి నుంచి అయిదింటికి ముందే బయల్దేరాడు, పెట్రోలు బంకులో అయిదూ నాలుగుకి రసీదు ఉంది. అక్కణ్ణుంచి కొండ దిగుడు మొదలయ్యే చోటికి తొమ్మిది మైళ్లు, అంతా చదును రోడ్డు. ఆ తొమ్మిది మైళ్లూ బ్రేకులు పట్టుకునే ఉన్నాయి, డేల్. అతను కాలు తీసినా అవి వదల్లేదు. రుద్దుకుని రుద్దుకుని ఆయిలు మరిగిపోయింది. కొండ మీద నిజంగా అవసరమై తొక్కేసరికి పెడల్ నేలకి తగిలింది."

"ఎందుకు వదల్లేదు?"

ఆమె డ్రైవరు తలుపు తీసి, వెల్లకిలా పడుకుని డాష్‌బోర్డు కిందికి దూరింది. రే వాడే పుదీనా బిళ్లల వాసన. కాసేపు కళ్లు మూసుకుని, తెరిచింది. పెడల్ నుంచి సిలిండరు వైపు వెళ్లే కడ్డీ కనిపించింది. పొడవు పెంచడానికీ తగ్గించడానికీ దానికి మర ఉంది. జరగకుండా పట్టే నట్టు ఉంది. సరిచేశాక నట్టు మీదుగా కడ్డీ దాకా పసుపు రంగుతో అడ్డంగా గీత గియ్యడం లెస్ అలవాటు. తన చెయ్యి పడ్డాక ఇంకెవరైనా తిప్పితే తెలియాలని.

గీత తెగిపోయి ఉంది. నట్టు మీది ముక్క ఒకచోట, కడ్డీ మీది ముక్క ఇంకోచోట. వాటి మధ్య కొత్తగా బయటపడ్డ మర, మెరుస్తూ. ఆమె గోటితో లెక్కపెట్టింది. రెండు చుట్లు.

"ఎవరో కడ్డీ పొడవు చేశారు," అంది లోపలి నుంచే. "అది సిలిండరుని ఎప్పుడూ కొంచెం నొక్కిపట్టే ఉంటుంది. కాలు తీసినా సరే."

"పొడవు చేస్తే వాడికేంటి లాభం?"

"పెడల్—"

పొడవు చేస్తే పెడల్ పైకి లేస్తుంది. తొక్కగానే అందుతుంది. పెడల్ కిందికి పోతోందని భయపడేవాళ్ల కోసం చేసే పని అది.

బుధవారం సాయంత్రం ఆమే నడిపింది. ఊరి బయట, ఎవరూ లేని రోడ్డు మీద. "ఇంత కిందికి పోతేగాని పట్టుకోదేంటి, రే? నాకిది నచ్చలేదు" అంది. దానికి ఆ మాత్రం ఖాళీ ఉండాలని లెస్ చెప్పాడన్నాడు రే. ఆమె మూతి ముడుచుకుంది. శుక్రవారం ఒకటింబావుకి అతను ఆఫీసుకి ఫోన్ చేశాడు. "నీ పెడల్ సంగతి చూసేశాను. సాయంత్రం చర్చి దగ్గర అందరి ముందూ నా పక్కన నిలబడతావుగా?" ఆమె ఎదుట ఒక దొంగ కూర్చుని ఉన్నాడు. "సరే సరే, వస్తాలే" అని పెట్టేసింది. ఏం చేశావని అడగలేదు. సాయంత్రం పని తెమలక వెళ్లనూ లేదు.



"పెడల్ ఏంటి?" అన్నాడు డేల్.

ఆమె బయటికి వచ్చి, లేచి, మోకాళ్లు దులుపుకుంది. "పైకి లేస్తుంది."

"ఐతే అది కూడా లెస్ పనే. గీత గీశాక మళ్లీ తనే తిప్పాడు."

"తన గీతని తనే తెంపుకుని మళ్లీ గియ్యకుండా వదిలేస్తాడా?"

"నీకు అతని మీద ఎందుకింత ప్రేమ?" అన్నాడు డేల్. "మూడు రోజులుగా చూస్తున్నాను. కారు చుట్టూ తిరుగుతావు, పక్క సీటు కేసి చూడవు."

అంతలో యార్డు గేటు దగ్గర ఒక కారు ఆగింది. రే కూతురు ట్రూడీ దిగింది. ముప్పై దాటిన మనిషి, తండ్రి పాత మిల్లు కోటు వేసుకుని ఉంది.

"డిటెక్టివ్ గారూ, నాన్న కళ్లజోడు కారులో ఉందేమోనని వచ్చాను. రేపు సమాధి చేసేటప్పుడు పెట్టాలి." నలిగిన బానెట్టు చూసి ముఖం తిప్పుకుంది. "లెస్ మామయ్య ఒప్పుకున్నాడట, నిజమేనా? చిన్నప్పుడు నన్ను భుజాల మీద మోశాడు ఆయన. నేను ఆయన్ని తిట్టాలో ఏం చెయ్యాలో తెలియట్లేదు."

"శుక్రవారం మీ నాన్న కారులో ఏమైనా పని చేశారా?" అడిగాడు డేల్.

"మధ్యాహ్నం వెళ్లేసరికి కాళ్లు తలుపులోంచి బయటికి ఉన్నాయి. చేతిలో పానా. 'అన్నం తిన్నావా నాన్నా' అంటే, 'ఒక్క పావుగంట' అన్నారు. తర్వాత వంటింట్లో ఫోన్ చేసి ఎవరితోనో నవ్వుతూ మాట్లాడారు. అమ్మ పోయాక ఆ నవ్వు వినలేదు నేను." ఆమె కోటు అంచుని వేళ్లతో నలిపింది. "ఆడమనిషని తెలిసింది. కోపమొచ్చి, చెప్పకుండా వెళ్లిపోయాను. వెళ్లొస్తానన్న ఆఖరి మాట కూడా లేదు."

డేల్ చూపు ట్రూడీ మీది నుంచి మెల్లగా వెర్నా ముఖం మీదికి వచ్చి, అక్కడే నిలబడిపోయింది. అతను తెలివితక్కువవాడు కాదు.

"ఒక్క నిమిషం, అమ్మా," అని ట్రూడీతో చెప్పి, వెర్నాని మోచెయ్యి పట్టుకుని కార్ల వరస వెనక్కి తీసుకెళ్లాడు.

"నువ్వేనా?"

ఆమె తలూపింది.

"ఎన్నాళ్లుగా?"

"పద్నాలుగు నెలలు."

"నువ్వు కేసు తీసుకోవడమే తప్పు. నీ ఉద్యోగం ఊడుతుంది, తెలుసుగా?" గొంతు తగ్గించాడు. "విను. ఊళ్లోనే చేసుకునే ఫోన్లకి రికార్డు ఉండదు. ఆ పిల్లకి నీ గొంతు తెలీదు. లెస్ ఎలాగూ ఒప్పుకున్నాడు, వయసు చూసి జడ్జి తేలిగ్గా వదిలేస్తాడు. నువ్వు జూన్‌లో పోటీకి రాకు. నేనేమీ వినలేదు."

"లెస్?"

"అతనే చేశానంటుంటే నీకేంటి?"

వెర్నా అతని చెయ్యి విడిపించుకుంది. నిజానికి ఒక్క క్షణం, మూడు లెక్కపెట్టేంతసేపు, ఆ మాట ఆమెకు హాయిగానే వినిపించింది. తర్వాత ఆమె అసహ్యించుకున్నది డేల్‌ని కాదు, ఆ మూడు అంకెలసేపు ఒప్పుకోబోయిన తనని.

ట్రూడీ దగ్గరికి నడిచి వెళ్లింది. కళ్లజోడు డ్రైవరు సీటు కిందే దొరికింది. చేతిలో పెట్టింది.

"ట్రూడీ, ఆ ఫోన్‌లో ఉన్నది నేను."

ట్రూడీ ఒక అడుగు వెనక్కి వేసింది.

"బ్రేకులు మార్చమన్నదీ నేనే. మార్చాక పెడల్ బాగాలేదన్నదీ నేనే. నా భయం తీర్చడానికి మీ నాన్న తన చేత్తో కడ్డీ తిప్పాడు. దాంతోనే బ్రేకులు పోయాయి. లెస్ పనిలో తప్పు లేదు. ఇది శనివారమే చెప్పాల్సింది. చెప్పలేదు."

"మీరు నాన్న ఇంటికొచ్చి, ఆ వంటింట్లో నా ఎదురుగా కూర్చుని, నాన్నకి శత్రువులెవరైనా ఉన్నారా అని అడిగారు," అంది ట్రూడీ. 'మీరు' అక్కడితో పోయింది. "నేను ఏడుస్తుంటే నాకు నీళ్లిచ్చావు! ఏ గ్లాసు ఎక్కడుంటుందో నన్నడక్కుండా తీసిచ్చావు. నాకప్పుడైనా తెలియలేదు."

"క్షమించమని అడగను."

"అడక్కు." కళ్లజోడు గుండెకి అదుముకుని కారు దాకా వెళ్లింది. తలుపు తీసి ఆగింది. "నాన్న నిజంగానే నవ్వారు ఆ రోజు. అదొక్కటీ తిట్టలేకపోతున్నాను," అని ఎక్కి వెళ్లిపోయింది.

*

వెర్నా తన వాంగ్మూలం తనే టైపు చేసి చీఫ్ బల్ల మీద పెట్టేసరికి మూడున్నర. బ్యాడ్జి దాని మీదే ఉంచింది. చీఫ్ చదివి, "లెస్‌తో ఆఖరి మాట నువ్వే మాట్లాడు. డేల్ పక్కన ఉంటాడు. ఆ తర్వాత ఇంటికి వెళ్లు," అన్నాడు.

లెస్ అదే కుర్చీలో ఉన్నాడు. ఎవరో తెచ్చిన సాండ్‌విచ్ ముట్టుకోలేదు. డేల్ టేపు పెట్టాడు. ప్రాసిక్యూటర్‌కి వెళ్లాల్సిన కాగితం అతని చంకలో ఉంది.

"సిలిండరు చూశాను, లెస్," అంది వెర్నా. "కొత్తది. నీ గీతా చూశాను. కడ్డీని రే తిప్పాడు. నువ్వు శనివారం యార్డుకెళ్లి చూసుకున్నావని అక్కడి మనిషి చెప్పాడు. నీకు తెలుసు. అయినా అబద్ధం ఎందుకు ఆడావు?"

లెస్ సాండ్‌విచ్‌ని పక్కకి జరిపాడు.

"ఊరంతా వాణ్ణి దేవుడంటోంది. ముప్పై నలుగుర్ని కాపాడి వాడు పోయాడంటోంది. తన చేత్తో తనే బ్రేకులు పాడుచేసి జనం మీదికి తెచ్చాడని తెలిస్తే ఏమంటారు? రేపు సమాధి. ఆ పిల్ల తలెత్తుకుని నిలబడాలి కదా."

"ఆ నింద రేది కాదు. నాది. నేను అడిగినందుకే తిప్పాడు. అంతా రాసిచ్చేశాను." ఆమె తలుపు వైపు చూపించింది. "నువ్వు ఇంటికి వెళ్లిపో, లెస్. నీ పనిలో ఏ తప్పూ లేదు."

ఆ మాట వింటే భుజాలు తేలికపడాల్సిన మనిషి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

"ఒకరి కోసమని నాకు ముందే తెలుసు," అన్నాడు వేళ్ల మధ్య నుంచి. "వాడే చెప్పాడు. నీ పేరు చెప్పలేదు గాని, పెడల్ నచ్చని మనిషి ఒకరున్నారన్నాడు. కుర్రాడిలా నవ్వాడు."

"ఎప్పుడు చెప్పాడు?"

"శుక్రవారం. పన్నెండున్నరకి."

డేల్ గోడకి ఆనుకున్నవాడల్లా నిటారుగా నిలబడ్డాడు. వెర్నా చెయ్యి టేపు రికార్డరు వైపు కదిలింది. ఆపమని ఇంకెవరైనా చెబితే ఆపేసేదేమో. ఆపలేదు.

"వాడు నన్ను అడక్కుండా ఆ కారుకి మేకు కూడా కొట్టడు, వెర్నా," అన్నాడు లెస్. చేతులు దించాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "పానా పట్టుకునే ముందు నాకే ఫోన్ చేశాడు. 'ఆ కడ్డీ రెండు చుట్లు పెంచితే ఏమైనా అవుతుందా?' అన్నాడు. నా భుజం మీద గేర్‌బాక్సు ఉంది. ఫోను చెవికీ మెడకీ మధ్య ఇరికించుకున్నాను. వాడేం అడిగాడో నా చెవిలో పడింది. బుర్రకి ఎక్కలేదు."

"ఏమన్నావు?"

"'ఏం కాదు, తిప్పుకో' అన్నాను."

మూడూ యాభై ఆరు. డేల్ చంకలోని కాగితం తీశాడు. వెర్నా కేసి చూశాడు. ఆమె కుర్చీలోంచి లేవలేదు. ఎవరిని ఇంటికి పంపడానికి వచ్చిందో ఆ మనిషి చేతే ఆమె ఆ మాట టేపు మీద చెప్పించింది. టేపు ఇంకా తిరుగుతూనే ఉంది.